ప్లగ్గు పీకినా చెదరని పట్టిక

ఉదయం ఆఫీసులో అడుగు పెడుతూనే ఆమె నోటివెంట వచ్చిన మొదటి మాట: "బాబాయ్, నా పెట్టెకి ప్లగ్గు పీకడం మొదలెట్టారా?"

ఆమెను అక్కడ సర్దుడక్క అంటారు. ఎవరెవరో రాసి వెళ్లిపోయిన కోడ్‌ను చక్కబెట్టడం ఆమె ఉద్యోగం. ఆమె పలకరించింది పరీక్షలు చేసే పెద్దాయన్ని. ఆస్పత్రుల్లో తీసిన స్కాన్ బొమ్మల్ని దాచే పెట్టెలు ఈ కంపెనీ తయారుచేస్తుంది. పెట్టె బొమ్మను రాసుకుంటుండగా సరిగ్గా మధ్యలో కరెంటు తీసేసి, మళ్లీ ఇచ్చి, ఏం మిగిలిందో చూడటం ఆయన పని. అందుకే ఆయన ప్లగ్గు బాబాయి అయ్యారు.

"ఇక్కడైతే జీతమిచ్చి మరీ పీకిస్తున్నారు. ఇంట్లో టీవీ ప్లగ్గు ముట్టుకుంటే మీ పిన్ని నన్ను పీకేస్తుంది" అన్నారాయన, తీగ లాగుతూ.

పాత పెట్టెలకు ఒక జబ్బుంది. ఓ ఆస్పత్రిలో కరెంటు పోయి వచ్చాక ఒక రోగి స్కాన్ మాయమైంది. కదల్లేని మనిషిని మళ్లీ స్ట్రెచర్ మీద తెచ్చి తీయాల్సి వచ్చింది. ఆ ఫిర్యాదు తిరిగి తిరిగి సర్దుడక్క బల్ల మీదికి చేరింది.

ఒక బొమ్మ డిస్కులో ఒకేచోట ఉండదు. ముక్కలై, ఖాళీ ఉన్నచోటల్లా సర్దుకుంటుంది. ఏ ముక్క ఎక్కడుందో గుర్తుపెట్టుకునేదే ఫైల్ సిస్టమ్. ఇక్కడ ఆ గుర్తు మూడుచోట్ల ఉండేది. కోడ్‌లో బొమ్మను చదివే భాగానికి ఒక పట్టిక, రాసే భాగానికి ఒకటి, అక్కర్లేనివి చెరిపి చోటు ఖాళీ చేసే భాగానికి మరొకటి. వేర్వేరు కాలాల్లో వేర్వేరు మనుషులు రాసినవి. మామూలు రోజుల్లో మూడింటికీ మాట కలిసేది. కరెంటు పోయిందంటే మాత్రం, ఒకటి బొమ్మ ఉందన్న చోటును ఇంకొకటి ఖాళీ అనేది. ఆ ఖాళీలో కొత్త బొమ్మ వచ్చి కూర్చునేది.

మూడింటినీ తీసేసి ఒక్క పట్టిక పెట్టాలని, ఎవరికేం కావాలన్నా దాన్నే అడగాలని ఆమె పట్టుబట్టింది. ఏడాదిన్నర పట్టింది.

"శుక్రవారం ఆఖరు. ఒక్క బొమ్మ పోయినా పాత కోడే పంపిస్తాం. నీ మీద కోపం కాదక్కా, నా మీద పైవాళ్లున్నారు" అన్నాడు మేనేజరు.

గురువారం రాత్రి ఇంట్లో భోజనాల దగ్గర ఆమె ముద్ద కలిపి అలాగే కూర్చుండిపోయింది. అత్తగారు చూసి చూసి అడిగింది. "నడుస్తున్నదాన్ని కెలకడం ఎందుకే తల్లీ?"

"అది నడవడం లేదత్తయ్యా. పడకుండా నెట్టుకొస్తోంది."

"నాలాగన్నమాట" అంది అత్తగారు.

శుక్రవారం భోజనాల వేళకు ముందు బాబాయి తీగ వదిలేసి లేచి నిలబడ్డారు. ఈసారి నవ్వలేదు.

"అమ్మాయ్, ఒకటి పోయింది."

మేనేజరు గుమ్మంలో ఉన్నాడు. గడియారం చూసి, "సాయంత్రం దాకా చూస్తాను" అన్నాడు. ఆమె తెర ముందు కూర్చుని, బొమ్మ పోయిన చోటు నుంచి పెట్టె మేలుకున్న క్షణం దాకా ఒక్కో అడుగూ వెనక్కి చదివింది. చివరికి కుర్చీలో వెనక్కి వాలింది.

"పాత పట్టికలన్నీ తీసేశానన్నావుగా?" అడిగారు బాబాయి.

"ఖాళీ చేసే భాగంలో ఒకటి ఉంచాను. కొత్తది జవాబివ్వకపోతే చూసుకుంటుందని. ఎందుకైనా మంచిదని."

"మరింకేం. మంచే జరిగింది."

కరెంటు వచ్చాక కొత్త పట్టిక నిండటానికి రెప్పపాటు పడుతుంది. ఆ రెప్పపాటు ఆగకుండా ఖాళీ చేసే భాగం తన పాత పట్టిక తెరిచింది. భయంతో ఆమె ఉంచుకున్న కాపీయే బొమ్మను మింగింది. ఆమె దాన్ని తీసేసింది. జవాబు రాకపోతే వచ్చేదాకా ఆగమని రాసింది.

మధ్యాహ్నం బాబాయి తన దగ్గరున్న దుర్మార్గాలన్నీ బయటికి తీశారు. రాస్తుండగా పీకారు, చెరుపుతుండగా పీకారు. మేలుకుంటున్నదాన్ని మేలుకోనివ్వకుండా మళ్లీ పీకారు. పక్క గదులవాళ్లు ఒక్కొక్కరే వచ్చి వెనక నిలబడ్డారు. పీకిన ప్రతిసారీ తెర నల్లబడేది. లక్షల బొమ్మల ముక్కలు డిస్కు నిండా చెల్లాచెదురుగా ఉండి, ఏది ఎవరిదో చెప్పే నాథుడు లేని స్థితి. కరెంటు రాగానే పట్టిక తనను తానే నింపుకునేది. మూడు భాగాలూ ఆగేవి. ఆ తర్వాత ఏది అడిగినా ఒకటే జవాబు. బాబాయి తీగ పట్టుకున్న చేతికేసి ఒకసారి, తెరకేసి ఒకసారి చూశారు.

"నా బతుకులో ఇన్నిసార్లు పీకి, ఏమీ పోగొట్టలేకపోవడం ఇదే మొదలు" అన్నారు, దాదాపు గుసగుసగా.

మేనేజరు ఆ పట్టిక కోడ్ చూపించమన్నాడు. ఆమె తెరిచింది. మొత్తం తెరలో సగానికే అయిపోయింది. కింద ఇంకా ఏదో ఉంటుందని అతను మౌస్ కదిపి చూశాడు. లేదు.

"ఇంతేనా?"

"ఇంతే."

అతను మౌస్ వదిలేసి, కొత్త కోడే పంపమన్నాడు. మూడు భాగాలూ ఆ పట్టికనే అడిగేలా మార్చినదంతా కలిపి కోడ్‌లో కొత్తగా చేరిన వరసలు పదకొండు వందలు, పోయినవి ఆరు వేల పైచిలుకు. సోమవారం మొదటి పెట్టె బయలుదేరుతుంది, ఫిర్యాదు చేసిన ఆస్పత్రికే.