మూడు రోజుల మరువీడు

పెళ్లయ్యాక కొత్త అల్లుడు భార్యతో కలిసి అత్తగారింటికి వెళ్లి, మూడు రోజులు విందు తిని రావడాన్ని ఆంధ్రాలో మనుగుడుపులంటారట. మేం తమిళనాడు తెలుగువాళ్లం, మాకు అది మరువీడు. విరుదునగర్‌లోని మా ఇంటి నుంచి కోవిల్‌పట్టిలోని అత్తగారింటికి బస్సులో గంటన్నర కూడా పట్టదు. ఆ ధైర్యంతోనే ఒక్క సంచి సర్దుకుని బయలుదేరాను. మూడు చొక్కాలు, రెండు పంచెలు, అంతే. అటునుంచి అటే కొడైకానల్ వెళ్లాలని గది కూడా మాట్లాడి పెట్టుకున్నాను. రెండో రోజు రాత్రి భోజనాలప్పుడు టీవీలో లాక్‌డౌన్ అన్నారు. తెల్లారేసరికి బస్సుల్లేవు.

కొత్త అల్లుడి హోదా మూడు రోజులకైతే ముచ్చటగానే ఉంటుంది. అదే వారాల తరబడి సాగితే ఎలా ఉంటుందో నన్నడగాలి. నేను మంచినీళ్లు ముంచుకోకూడదు, ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చి ఇస్తారు. తిన్న ఆకు తీయకూడదు. వంటింటి గడప దగ్గరికి వెళ్తే చాలు, అత్తగారు కొంగు సర్దుకుంటూ గోడకు అతుక్కుపోతుంది. ఉన్నది ఒక హాలు, ఒక గది. గది మాకిచ్చారు, నిజమే. కానీ బీరువా, దేవుడి పటాలు, పప్పు డబ్బాలు అన్నీ ఆ గదిలోనే ఉన్నాయి. పొద్దున్నే ఎవరో ఒకరు గొంతు సవరించుకుని, కందిపప్పు కావాలని తలుపు తట్టేవాళ్లు.

మామగారు మంచివాడే, కానీ మాట్లాడడు. ఆయన నల్లరేగడిలో మినుము, పత్తి పండించే మనిషి. నేను విరుదునగర్‌లో పప్పుధాన్యాల మండీలో పనిచేస్తాను. మా ఇద్దరికీ కలిసే విషయం మినుముల ధర ఒక్కటే, అది మొదటి రోజే అయిపోయింది. ఆ తర్వాత ఇద్దరం ఫ్యాను కింద కూర్చుని టీవీలో ఖాళీ రోడ్లు చూసేవాళ్లం. సాయంత్రమైతే ఆయన డబ్బాలోంచి ఒక కడలై మిఠాయి తీసి, విరిచి, పెద్ద ముక్క నాకిచ్చేవాడు. బెల్లం పాకం గట్టిగా పట్టిన వేరుశనగ పప్పు, నములుతుంటే దవడలకు కాసేపు పని దొరికేది. ఆ ముక్క కోసం మధ్యాహ్నం నుంచీ గడియారం చూసేవాణ్ణని చెప్పడానికి నాకేం సిగ్గులేదు.

మొదటి వారం వడ, పాయసం నడిచాయి. తర్వాత అంగట్లో సరుకులు తగ్గాయి. అయినా నా ఆకులోకి మాత్రం సన్నబియ్యం అన్నం, అప్పడం వచ్చేవి. మిగతావాళ్లు వంటింట్లో కూర్చుని సజ్జ గంజి తాగుతున్నారని వేయించిన మజ్జిగ మిరపకాయల వాసనే చెప్పింది. నోరూరిపోయేది, కానీ అల్లుడు గంజి అడిగితే అత్తగారికి తలకొట్టేసినట్టవుతుంది. ఒకరోజు మా ఆవిడ మిద్దె మీద ఎండబెట్టిన వడియాలు తీసే నెపంతో నన్ను పైకి రమ్మని, కొంగుచాటు నుంచి గంజి చెంబు తీసింది. నీళ్ల తొట్టి నీడలో కూర్చుని, మిరపకాయ కొరుక్కుంటూ తాగాను. దూరంగా కయత్తారు వైపు గాలిమరలు తిరుగుతున్నాయి. ఇదే కొడైకానల్ అనుకోమంది. మా కొత్త కాపురమంతా ఆ మిద్దె మీదే, కింది నుంచి వాళ్లమ్మ పిలిచేదాకా.

నన్ను మండించింది మాత్రం ఆమె ఆనందం. నేను కాలు గాలిన పిల్లిలా హాల్లో తిరుగుతుంటే, ఆమె వంటింట్లో చెల్లెలితో వామనగుంటలాడుతూ కిలకిల నవ్వేది. వాళ్లమ్మ ముందు కూర్చుని తల దువ్వించుకునేది. పెళ్లిలో మా ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ తలెత్తని పిల్ల, ఇక్కడ గొంతెత్తి పాటలు పాడుతోంది. అవతల మా అమ్మ రోజూ ఫోన్ చేసి, కోడలు చేతి కాఫీ ఎప్పుడు తాగేదని అడిగేది. నాకు మా ఇల్లు కావాలి, మా వీధి మలుపులో నూనె పరోటా వాసన కావాలి, నా నీళ్లు నేను ముంచుకోవడం కావాలి. ఇంకేం ఆలోచించలేదు.

ఒకనాడు వీధి చివర కూరగాయల వ్యాన్ నడిపే ఆయన విరుదునగర్ మార్కెట్‌కు వెళ్తున్నానని, మా ఇద్దర్నీ ముందు సీట్లో కూర్చోబెట్టుకుంటానని చెప్పాడు. నేను క్షణంలో సంచి సర్దేశాను. వ్యాన్ గుమ్మం ముందు ఆగింది. మా ఆవిడ బయటికొచ్చి దగ్గింది. ఒకసారి కాదు, వంగి, గుండె పట్టుకుని దగ్గింది. ఆ రోజుల్లో దగ్గంటే తెలుసుగా. ఆయన ముక్కు మీది తువ్వాలు బిగించుకుని, మారుమాట లేకుండా వ్యాన్ పోనిచ్చాడు. ఎదురింటి కిటికీలు మూసుకున్నాయి. అత్తగారు కషాయం కాచింది. మధ్యాహ్నానికి చూస్తే మా ఆవిడ వంటింట్లో ఉప్పూ కారం అద్దుకుని మామిడికాయ ముక్కలు తింటోంది. గొంతు బ్రహ్మాండంగా ఉంది.

సాయంత్రం మిద్దె మీద ఆమె మీద ఒంటికాలి మీద లేచాను. నేనేమన్నా ఖైదీనా, మనిషిని ఇలా కట్టిపడేస్తారా అని అరిచాను, అరవడం కూడా కిందికి వినపడకుండా గొంతు తగ్గించి. ఆమె వడియాలు తిరగేస్తూ అంతా విన్నది.

"మీరు ఇయ్యాళ కాకుంటే రేపు మీ ఇంటికి పోతారు," అంది. "నేను ఈడికి మళ్లా వస్తే చుట్టంగానే కదా వచ్చేది. ఇంకొంచెం నాళ్లు ఉండనియ్యండి."

ఆ మాటకు నా కోపం ఇంకా పెరిగింది. రెండు రోజులు మిద్దె ఎక్కలేదు.

చివరికి, సొంత ఊరికి తిరిగి వెళ్లేవాళ్లకు పాసులిస్తున్నారని తెలిసి, మా మండీ యజమాని ఎవరినో పట్టుకుని మా ఇద్దరి పేరు మీదా ఒకటి సంపాదించాడు. అద్దె కారు మాట్లాడాం. ఈసారి ఆమె దగ్గలేదు. అత్తగారు పసుపు కుంకుమలిచ్చి, వడియాల మూట ఒళ్లో పెట్టింది. మామగారు కారు తలుపు వేసి, సరిగ్గా పడిందో లేదోనని మళ్లీ తీసి వేశాడు.

సాత్తూరు ఇంకా రాకముందే, జిల్లా ఎల్ల దగ్గర రోడ్డుకు అడ్డంగా డ్రమ్ములు పెట్టి ఉన్నాయి. కానిస్టేబుల్ నా ఆధార్ కార్డు చూసి తలూపాడు. ఆమెది చూసి ఆగాడు. దాంట్లో ఇంకా వాళ్ల నాన్న పేరు, కోవిల్‌పట్టి చిరునామా ఉన్నాయి. పెళ్లయిన కొద్ది రోజులకే ఆఫీసులన్నీ మూతపడ్డాయి, మార్పించుకునేదెక్కడ? ఈ పాసు సొంత ఊరికి వెళ్లేవాళ్లకని, ఈ అమ్మాయి సొంత ఊళ్లోనే ఉంది కదా అని ఆయన తమిళంలో అడిగాడు. నన్ను వెళ్లమన్నాడు. ఆమెను అటు పోయే బండిలో జాగ్రత్తగా వెనక్కి పంపిస్తానన్నాడు.

ఫోన్‌లో పెళ్లి ఫోటోలు చూపించాను. మా ఆవిడేనని నాలుగుసార్లు చెప్పాను. ఆయన నన్ను వదిలేసి, ఆమె వైపు కిటికీలోకి వంగి, నీ ఇల్లు ఎక్కడో నువ్వే చెప్పమ్మా, నువ్వు ఎటు చెబితే అటే పంపిస్తానన్నాడు. ఆ ప్రశ్న ఆమెను అప్పటిదాకా ఎవరూ అడగలేదు.

ఆమె తల తిప్పి, వచ్చిన రోడ్డు చూసింది. ఎండకు తారు మెరుస్తోంది. కోవిల్‌పట్టి అని ఒక్క మాటంటే చాలు, ఆ మాట అబద్ధం కూడా కాదు. ఇన్ని వారాలూ ఇల్లు, ఇల్లు అని కలవరించానే, ఆమె లేకుండా ఆ ఇంట్లో అడుగుపెట్టాల్సి వస్తుందేమోనని మొదటిసారి భయం వేసింది.

"మాది విరుదునగర్," అంది ఆమె, తమిళంలో, తడబడకుండా.

డ్రమ్ములు జరిపారు. కారు దాటింది. నేను అద్దం దించి, గుండె నిండా గాలి పీల్చుకుని, వచ్చేశాం అన్నాను. ఏడుస్తోందేమోనని ఆమె వైపు చూశాను. ఏడవడం లేదు. మాస్కు సర్దుకుని, డ్రైవరుకు వినపడకుండా నా వైపు వంగింది.

"మీ ఇంట్లో పొద్దున అందరికన్నా ముందు లేసేది ఎవరు?"

"అమ్మ. నాలుగున్నరకే లేస్తుంది."

"అయితే నేను నాలుగుకే లేయాల," అని, ఫోన్ తీసి అలారం పెట్టుకుంది.