ఇంజనుకు పూసిన పౌడరు

ముదిగుబ్బలో మెకానిక్ మా ఆయన పాత బండి ఇంజనును పెట్రోలుతో కడిగి, ఆరబెట్టి, దాని మీద ముఖానికి రాసుకునే పౌడరు చల్లాడు. ఆయిల్ ఎక్కడ కారితే అక్కడ పౌడరు తడుస్తుంది. పెట్రోలులో కలిసిన ఆ వాసనకు నాకు చిన్నప్పటి రోజొకటి గుర్తొచ్చింది.

చిన్నమ్మ పెళ్లిరోజు మా నాయన కూడా ఇదే పని చేశాడు. అమ్మ పట్టుచీర కట్టుకుని, పౌడరు రాసుకుని గడప మీద కూర్చుంది. నాయన ఆమె ఒళ్లోని పౌడరు డబ్బా లాక్కుని అంతా ఇంజను మీద గుమ్మరించాడు. బండిని కూడా పెళ్లికి ముస్తాబు చేస్తున్నాడనుకుని నేను చప్పట్లు కొట్టాను.

“నల్లమాడ బస్సు వచ్చే యాళయింది. దాంట్లో పోదాం. నా చెల్లెలి తలంబ్రాలన్నా చూస్తా,” అంది అమ్మ.

“ఇంటి అల్లుడు బస్సు దిగి నడుసుకుంటా పోవల్లనా? నలుగురూ నవ్వరా?” అని నాయన కసిరాడు.

ఇంజను కాసేపు తిరగగానే తెల్లటి పౌడరులో నల్లటి చార దిగింది. “ఈడ ఉండాది! ప్యాకింగ్ పోయింది!” అని నాయన మురిసిపోయాడు. దళసరి అట్ట కత్తిరించి ఇంజను అతుకులో కొత్త ప్యాకింగ్ వేసేసరికి బస్సూ పోయింది, ముహూర్తమూ దాటింది.

అమ్మ చెంపల మీది పౌడరులోనూ తడి చారలు కనిపించాయి. ఎండకు చెమట పట్టిందనుకున్నాను. చెమట కాదని నాకు పెళ్లయ్యాక తెలిసింది.

నాయన ఇంజను కింద చెయ్యి పెట్టి చూసి, తడి అంటని ఆ అరచేతిని అమ్మకే చూపించాడు.

“చూడు, ఇప్పుడు ఒక్క చుక్క గూడా కారలే.”