సర్వర్‌లో బావ పేరు

విశాఖ రేవులోకి వచ్చిన ప్రతి ఓడా నా కెమెరా ముందు ఒక్క క్షణం ఆగి మరీ లోపలికి వెళ్లేదని చెబుతుంటాను. అంత లేదు. కొన్నిటిని తీశాను, అందులో సగం మసకలు. కానీ యారాడ తీరంలో వల లాగుతున్న జాలరుల ఫొటో మాత్రం నిజంగా కుదిరింది.

మా ఫొటోగ్రాఫర్ల సంఘం గదిలో సర్వర్ పెట్టారు. ఎవరి ఫొటోలు వాళ్లింట్లో పాడైపోకుండా అన్నీ ఒకేచోట దాచి, పత్రికలకూ ప్రదర్శనలకూ అక్కణ్నుంచే ఇవ్వాలని ఏర్పాటు. వాటిని ఎక్కించడం నాకు వచ్చునని అందరితో అన్నాను. రాదు. ఆ సంగతి బావకు తెలుసు. పిలుపుకే బావ, పెళ్లిళ్లకు నాతో కలిసి తిరిగిన ఫొటోగ్రాఫరు.

"నీకెందుకు బావా ఈ తంటా? డిస్కులిటియ్యి, నాను ఎక్కించేత్తాను" అన్నాడు.

ఎక్కించాడు. ఎవరి లాగిన్‌తో ఎక్కిస్తే ఫొటో కింద వాళ్ల పేరే పడుతుందట. నావన్నీ బావ పేరుమీదికి వెళ్లాయి.

"పేరుదేటుంది బావా, తరవాత మార్సేత్తాను" అని టీ తాగించాడు. నమ్మాను. మళ్లీ వాడుకోవచ్చని డిస్కులన్నీ చెరిపేశాను.

మొన్న బీచ్ రోడ్డులో ప్రదర్శన. నడిగోడమీద నా జాలరులు, కింద బావ పేరు. పక్కనే నిలబడి బావ చుట్టూ చేరినవాళ్లకు చెబుతున్నాడు: "పీకలోతు నీల్లలోకి ఎల్లిపోనాను. కెమెరా నెత్తిమీదెట్టుకుని తీసీసాను."

ఫొటోయే కాదు, ఆ పీకలోతు నీళ్లు కూడా నావే. టీ కొట్టు దగ్గర నేను చెప్పుకున్న కథ. నిజానికి పాదం తడవలేదు. ఒడ్డున పడవ ఎక్కి తీశాను. అది ఊగకుండా పట్టుకున్నవాడు బావ.

"ఆ ఫొటో నాను తీసింది" అన్నాను గట్టిగా.

బావ నవ్వి నా భుజంమీద చెయ్యేశాడు. "మా బావండీ. ఉన్నదానికి పది కలపందే ముద్ద దిగదు ఈయనకి. మా వోల్లందరికీ తెలుసు."

సంఘంవాళ్లు గొల్లున నవ్వారు. ఆ మాట అబద్ధం కాదు. తర్వాత సంఘం అధ్యక్షుణ్ని పక్కకు పిలిచి ఆ పేరు మార్చమని అడిగాను.

"సర్వర్లో ఏ పేరుంటే మాకదే లెక్క. నీ కాడ ఇంకేటైనా రుజువుందా?" అన్నాడు.

ఏమీ లేదు.

అప్పటినుంచీ టీ కొట్టుకు వెళ్లడం మానేశాను. ఇంట్లో పౌరుషమని చెప్పాను. పౌరుషమూ కాదు, పాడూ కాదు. అక్కడ బావ ఆ ఫొటో ఎలా తీశాడో చెబుతుంటాడు. నాకంటే బాగా చెబుతున్నాడట.