కార్డుముక్క మీద రాసివ్వండి

రంగూన్ నుంచి వచ్చిన ఆశీర్వాదానికి జగ్గయ్యపేటలో పెట్టిన పేరు అనుమానాల ఆశీర్వాదం. పెట్టినవాళ్ళ తప్పేం లేదు. మంచినీళ్ళిచ్చినా చెంబులోకి తొంగిచూసి తాగే మనిషి.

అరవైనాలుగులో బర్మా సర్కారు మనవాళ్ళని పొమ్మంది. రంగూన్ బియ్యం మిల్లులో బస్తాలు మోసిన ఆశీర్వాదం భార్య జయమణినీ, ఇద్దరు పిల్లల్నీ తీసుకుని విశాఖలో ఓడ దిగాడు. ఓడెక్కే ముందు తెలుగు మాట్లాడే పెద్దమనిషొకడు, సుంకంవాళ్ళు లాక్కుంటారు, అవతల ఇస్తానని జయమణి గొలుసు పుచ్చుకుని మళ్ళీ కనబడలేదు. అప్పటినుంచి ఆశీర్వాదం ఒక పద్ధతి పట్టాడు. ఎవరేం చెప్పినా జేబులోంచి పోస్టుకార్డు తీసేవాడు.

"నోటిమాట వద్దండి. ఇదే మాట దీనిమీద రాసి సంతకం పెట్టండి."

అబద్ధాలకోరు రాసివ్వడని అతని లెక్క. నిజంగానే ఎవరూ రాసివ్వలేదు, తిట్టి పంపారు.

తండ్రి పుట్టిన చిల్లకల్లులో చుట్టాలెవరూ మిగల్లేదు. జగ్గయ్యపేటలో ఒకరి గొడ్లసావిట్లో తలదాచుకున్నారు. బర్మావాళ్ళ జాబితా రాస్తున్నారని, రంగూన్‌లో ఇచ్చిన కాగితం చూపి అందులో పేరెక్కిస్తేనే ఇంటిస్థలమని తెలిసింది. ఎక్కడ, ఎప్పుడు? ఒకడు బెజవాడన్నాడు. ఇంకొకడు దసరా వెళ్ళాకన్నాడు.

నందిగామ తాలూకా కచేరి ముందు అర్జీలు రాసే తిరుపతిరావు మాత్రం కార్డు చూడగానే నవ్వి కలం తీశాడు.

"దానికేముందోయ్!"

జాబితా రాసే ఆఫీసరుగారు వచ్చే నెల జగ్గయ్యపేటకే వస్తారని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, కింద సంతకం చేశాడు. "ఆ రంగూన్ కాగితం నా దగ్గరుంచు. నేనే దాఖలు చేస్తా."

రాసిచ్చిన మొదటి మనిషి! ఆశీర్వాదం చెయ్యి చొక్కాలోపలికి పోయింది. ఎందుకో ఆగింది. "రేపు తెస్తానండి" అని బయటపడ్డాడు.

మెట్లు ఊడుస్తున్న ఆరోగ్యమ్మ అంతా వింది. చీపురు చంకన పెట్టుకుని అతని వెంటబడింది.

"ఏమయ్యా, బర్మా నాయనా! పేటకి ఎవురూ రారు. ఆఫీసరు రేపే ఇక్కడి బంగళాకొస్తన్నాడు. ఎల్లుండి పొద్దున్నే పోతాడు, మళ్ళీ రాడంట."

"నీకెవరు చెప్పారు?"

"బంగళా ఊడ్చి నీళ్ళు పెట్టమంది నన్నే. ఎల్లుండి గదికి తాళమెయ్యమంది నన్నే. నాకు కాక ఎవురికి తెలుస్తది?"

ఆశీర్వాదం కార్డు తీశాడు.

"నాకు రాతెక్కడొచ్చు?"

"వేలిముద్ర వెయ్యి పెద్దమ్మా. సిరా నేను తెస్తా."

ఆరోగ్యమ్మ చేతులు వెనక్కి దాచుకుంది. "మా ఆయన ఒక్కసారి ఏశాడు, అరెకరం పోయింది. ఆ కార్డు మీద రేపు నువ్వేం రాసుకుంటావో! నమ్మితే రా, లేకపోతే పో. నీ స్థలంలో నేనేమన్నా గుడిసేసుకుంటానా?"

తిరుగు బస్సులో కూచుని ఆశీర్వాదం లెక్కలు వేశాడు. ముసలిదాని వెనక ఎవరున్నారు? తిరుపతిరావంటే పడనివాళ్ళా? కాగితాలు కొట్టేసే ముఠానా? చిల్లకల్లు దాటాక తట్టింది. రాసిచ్చినవాడు రాయగానే కాగితం కోసం చెయ్యి చాపాడు. ఈమె చేతులు దాచుకుంది. ఆమె చోట తనున్నా దాచుకునేవాడే.

సంగతి విని జయమణి మూతి తిప్పింది. "పెళ్ళినాడు నన్నెట్టా నమ్మావో! మా నాన్న కార్డేమన్నా రాసిచ్చాడా?"

మర్నాడు నలుగురూ బంగళా ముందు కూచున్నారు. పది దాటాక జీపొచ్చింది. గుమాస్తా కాగితం అందుకున్నాడు గానీ ఆశీర్వాదం రెండో కొస వదల్లేదు.

"వదలవయ్యా, నేనేం తినను!"

"ఇట్టాగే రాసుకోండి సార్."

గుమాస్తా విసుక్కుంటూనే మెడ వంచి చూసి రాసుకున్నాడు. నాలుగు పేర్లూ ఎక్కాయి. జయమణి ఇవతలి నుంచే, తలకిందులుగా ఉన్న అక్షరాలు కూడబలుక్కుని తలూపింది.

బయట ఆరోగ్యమ్మ ఖాళీ కడవతో వెళుతోంది.

"పెద్దమ్మా, స్థలం ఎక్కడిస్తారు?"

"ఏమో నాయనా, నాకు తెలవదు."

ఓడ దిగినప్పటినుంచి అడిగిన ప్రతివాడూ ఏదో ఒకటి చెప్పాడు. తెలవదన్నది ఈమొక్కతే. ఆశీర్వాదం కాగితం జయమణికిచ్చి, "ఎవరడిగినా ఇవ్వకు" అని, ఆరోగ్యమ్మ చేతిలో కడవ అందుకుని బావి వైపు నడిచాడు.