సరిహద్దు దగ్గర ఆగిపోయిన చిన్నాయన

1948 ఎండాకాలంలో మా చిన్నాయన గొర్ల మంద వెంట షోలాపూర్ దిక్కు పోయి తిరిగి రాలేదు.

మాది యాలాల్ దగ్గరి ఊరు. జొన్న కోతలయ్యాక మందను పడమటికి తోలుకుపోయి, తొలకరికి తిరిగి రావడం మా ఇంటి ఆనవాయితీ. హైదరాబాద్ సంస్థానం దాటి ఇండియన్ యూనియన్ పల్లెల్లో కూడా మేపేవాళ్లు. గడ్డి ఎక్కడుంటే అక్కడికి పోవడమే తప్ప సరిహద్దు ఊసు మా ఇంట్లో ఎప్పుడూ లేదు. ఆ ఏడు దారి మీద సంస్థానం జవాన్లు తనిఖీ చేసే నాకాలు లేచాయి. సంస్థానం మీద తిరగబడ్డవాళ్ల క్యాంపులు అవతల ఉండేవి. తుపాకులు అక్కడ ఇచ్చేవాళ్లు. చావులు మాత్రం ఇవతల.

తిరిగి వచ్చేటప్పుడు క్యాంపు నుంచి ఇద్దరు పడుచువాళ్లు గొంగళ్లు కప్పుకొని మందలో కలిశారు. ఇదంతా మంద వెనక నడిచిన మా నాయన చెప్పిందే. చిన్నాయన వాళ్లను చూసి నవ్వాడట.

"గొంగడి కప్పుకోంగనే కాపరైతవా తమ్మీ? ముందుగాల మా కుక్కతోని దోస్తీ చెయ్యి."

నాకా దగ్గర ఆ కుక్కే వాళ్ల మీద ఎగబడి మొరిగింది. సొంత మనుషుల మీద కుక్క ఎందుకు మొరుగుతుందని జవాన్లకు అనుమానం వచ్చింది. ఆ ఇద్దరూ అవతలికే పరుగెత్తారు. ముందు నడుస్తున్న చిన్నాయన దొరికిపోయాడు.

నాయన ఇల్లు చేరాక కుక్క మీద కట్టె ఎత్తాడు. చిన్నమ్మ అడ్డం నిలిచింది.

"దాని పని అది చేసింది బావా. దాన్నేమనకు."

కొన్నాళ్లకు సంస్థానమే పోయింది. క్యాంపు నుంచి తిరిగొచ్చిన ఆ ఇద్దరిలో ఒకడికి, తాండూరు ఆసామి కొడుకుకు, దండలు వేశారు. చిన్నమ్మ పోయి చిన్నాయన సంగతి అడిగితే అతను తల దించుకున్నాడు.

"క్యాంపు ఎత్తేసిన్రు అక్కా. గిప్పుడు ఎవలను అడగాలె?"

చిన్నాయనను పడమటి జిల్లాలో ఏదో జైలుకు పంపారని ఎవరో అన్నారు. అర్జీలన్నీ నేనే రాశాను. 1956లో ఆ జిల్లా మైసూరు రాష్ట్రంలోకి పోయింది. అక్కడి గుమాస్తా హైదరాబాదులో అడగమన్నాడు. హైదరాబాదు గుమాస్తా, "అది ఇప్పుడు మా జిల్లా కాదు గదా" అన్నాడు.

ఆ మాట విని వస్తూ వికారాబాద్ స్టేషన్లో తాండూరు బండి కోసం కూర్చున్నాం. చిన్నమ్మ చేతికి రెండే గాజులు మిగిలాయి. వాటినీ తీసేయమని చుట్టాలు పోరుతున్నారు. గాజులామె గంప దించి పిలిస్తే చిన్నమ్మ నా దిక్కు తిరిగింది.

"సదువుకున్నోనివి కొడుకా, నువ్వు చెప్పు. కొత్తయి ఏసుకోవాల్నా, ఉన్నయి తియ్యాల్నా?"

నేను బండి వచ్చే దిక్కు చూశాను. కాసేపటికి గాజులామె గంప ఎత్తుకొని పోయింది.

ఆ రెండింటిలో ఒకటి బావి గట్టు మీద పగిలింది. అరవైల్లో చిన్నమ్మ పోయినప్పుడు రెండోది చేతికే ఉంది. చిన్నాయన లేడని చెప్పి తీయమనడానికి మాలో ఎవరి దగ్గరా ఆధారం లేదు.