రాళ్లు లేని వైపు

శ్మశానం ఆఫీసులో ఆమెను అందరూ రిజిస్టరమ్మ అనేవారు. ఎవరిని ఎక్కడ పూడ్చారో రాసిపెట్టడం ఇరవై ఆరేళ్లుగా ఆమె ఉద్యోగం. గేటుకు కుడివైపు సమాధిరాళ్లున్నాయి, వాటికి ఆమెతో పనిలేదు. ఎడమవైపున రాయి పెట్టించే స్తోమత లేనివాళ్లు ఉంటారు. అక్కడ గడ్డి తప్ప గుర్తులుండవు. ఎవరెక్కడున్నారో చెప్పేవి ఆమె పుస్తకాలే. "పోయినవాళ్లు కూడా నన్నడిగే పక్కకి ఒత్తిగిలుతారు" అని నవ్వేది.

కొత్తగా వచ్చిన ఆఫీసరు కంప్యూటరు పెట్టించాడు. అందులోని సాఫ్ట్‌వేరు ఇంకా తయారీలోనే ఉంది. బీటా అన్నారు. తెరవగానే పెద్ద హెచ్చరిక వచ్చింది. ఎవరూ చదవని ఆ పేజీని రిజిస్టరమ్మ కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదివింది.

"సార్, రాసింది చెరిగిపోవచ్చంట. ముఖ్యమైన పనులకి వాడొద్దని, నకలు ఉంచుకోమని వాళ్లే చెబుతున్నారు."

"మందు సీసా మీద రాసిందంతా చదివితే ఎవడూ మందు తాగడమ్మా. ఒప్పుకుంటున్నానని నొక్కు."

నొక్కింది.

నాలుగు వేల పేర్లు ఎక్కించడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఒకే పేరున్న ఇద్దరు ఒక్కరైపోయేవారు. పొద్దున దాచింది మధ్యాహ్నానికి మాయమయ్యేది. తప్పు కనబడినప్పుడల్లా ఆమె కంపెనీకి రాసేది, వాళ్లు ధన్యవాదాలు చెప్పేవారు. వంట నేర్చుకునేది వాళ్లు, రుచి చూసే నాలుక తనది, కాలేదీ ఆ నాలుకే అని మెల్లగా అర్థమైంది.

వారం సెలవు మీద వెళ్లి వచ్చేసరికి పాత పుస్తకాల బీరువా ఖాళీగా ఉంది.

"చెదలు పట్టిన చెత్త. పాత కాగితాలవాడికి ఇచ్చేశా" అన్నాడు ఆఫీసరు.



మరుసటి నెల అప్‌డేట్ వచ్చింది. పేర్లు అక్షరక్రమంలో సర్దుకున్నాయి, చోటు నంబర్లు మాత్రం కదల్లేదు. పేరొకరిది, చోటింకొకరిది అయిపోయింది. నిండిన చోట్లు ఖాళీగా కనిపించాయి. ఆమె గమనించేలోపే అలాంటి ఒక చోట పార దిగి, చిన్న పెట్టె మూత పగిలింది. లోపల ఉన్నది ఒక లారీ డ్రైవరు కూతురు, ఆరేళ్ల పిల్ల.

"ఎవరి కంటా పడకముందే ఎక్కడో ఒకచోట కప్పెట్టండ్రా" అన్నాడు ఆఫీసరు. ఆ గోతిలో వేరొకరిని పూడ్చారు. పిల్లను ఎక్కడ పెట్టారని మర్నాడు రిజిస్టరమ్మ కూలీలను అడిగితే ఒకడు గోడ పక్కన అన్నాడు, ఇంకొకడు పంపు వెనకాల అన్నాడు.

కంపెనీకి ఫోన్ చేసింది. అవతల అమ్మాయి ఎంతో మర్యాదగా, "ముందే చెప్పాం కదండీ, బీటా అని. ఇంకేమైనా సమస్యలున్నాయా మేడమ్?" అంది.

సంగతి పైవాళ్ల దాకా పొక్కి జరిగిన విచారణలో ఆఫీసరు తల కూడా ఎత్తలేదు. "ఎంట్రీలన్నీ ఈవిడవే. ఒప్పుకుంటున్నానని నొక్కిందీ ఈవిడే." ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు.

ఆఖరి రోజున బల్ల సొరుగు ఖాళీ చేస్తుంటే లారీ డ్రైవరు వచ్చాడు. ఊళ్లు తిరిగే మనిషి, ఏడాదికోసారి వస్తాడు. జరిగిందేదీ అతని చెవిన పడలేదు.

"అక్కా, మళ్లీ గడ్డి పెరిగిపోయింది. మా పాప ఎక్కడుందో చెప్పవా?"

పాత చోటు ఆమెకు కంఠతా వచ్చు. అక్కడ ఇప్పుడు పచ్చి మట్టి, ఎవరో ఉంచిన పూలు ఉన్నాయి.

"తొమ్మిదో వరసలో పద్నాలుగు, తమ్ముడూ" అంది, నోటికొచ్చిన నంబరు.

"నువ్వు లేకపోతే మా పాప నాకు దొరికేదే కాదక్కా" అని అతను రెండు చేతులూ జోడించాడు.

ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. అతను వరసలు లెక్కపెట్టుకుంటూ వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని గడ్డి పీకాడు. అరచేత్తో నేలను చదును చేసి, లారీకి కొత్త హారను పెట్టించిన సంగతి వంగి పాపకు చెప్పుకుంటున్నాడు. ఆ మట్టి కింద ఎవరున్నారో ఆమెకూ తెలియదు.