నివ్వరి గింజల కోసం జీపు సారు భజన

నివ్వరి గింజ ముల్లు మొనంత సన్నని వెలుగై మన గుండెల్లో నిలిచిన పరమాత్మకు ముందుగా కోటి దండాలు. దున్నని నేలలో, నాటని చోట పంట పండించేవాడు ఆయనొక్కడే. ఆ రోజుల్లో, అంటే డెబ్బయ్యవ దశకం చివర, ఆయన పండించినదాన్ని విత్తనాలు దాచే సర్కారు ఆఫీసుకు ఏరుకొచ్చే టెంపరరీ కొలువు నాది. (కొలువంటే పెద్దమాట. చెరువుల్లో దిగి జలగలకు రక్తదానం చేయడం.) మనం తినే వరికి అడవిచుట్టం ఈ నివ్వరి. నీటి అంచున తనంతట తానే మొలుస్తుంది, పండగానే రాలిపోతుంది. "ఒక్కో చెరువు నివ్వరికి ఒక్కో గుణం ఉంటది. రేపు మన వరికి తెగులొస్తే ఈ చుట్టమే ఆదుకోవాలె" అనేవారు ఎప్పుడూ జీపులో తిరిగే మా ఆఫీసరు, జీపు సారు. పాలంపేట దగ్గరి ఒక కుంటను పూడుస్తున్నారని తెలిసి నన్ను తరిమారు. "ఆ గింజలు తెస్తే కొలువు పక్కా. తేకుంటే ఇగ రాకు."

పూడ్చే మట్టి పడుతుండగానే చిన్న సంచెడు తెచ్చాను. ఆదివారం కావడంతో హనుమకొండలో మా మేనత్త ఇంటి మిద్దె మీద ఆరబోశాను. అది కార్తీకం. నాగలి తగలని తిండే తింటానని మొక్కుకున్న అత్త, పండ్లూ పాలతో నెట్టుకొస్తోంది. "ఏం వడ్లురా ఇవి?" అని అడగ్గానే నా చదువంతా ఒలకబోశాను. "ఎవ్వలు దున్నలే, ఎవ్వలు నాటలేదత్తా. ఋషులు తిన్న గింజలు!"

మర్నాడు సారును వెంటబెట్టుకొచ్చేసరికి ఇంటినిండా భజన మండలి ఆడవాళ్లు, వీధిదాకా పాయసం వాసన. సారు రెండు దొప్పలు లాగించి, "అమృతమమ్మా! ఏం బియ్యం?" అన్నారు.

"మావోడు తెచ్చిన నివ్వర్లే సారూ. ఇంకింత వెయ్యాల్నా?"

మూడో దొప్ప నోటి దగ్గరే ఆగిపోయింది. సారు నా వైపు తిరిగి, నీరసంగా, "అంటే కుంటనంత నేనే మింగిన్నా?" అన్నారు. నా కొలువు కూడా ఆ కడుపులోకే పోయిందని నాకు అర్థమైంది.

"ఫికర్ చెయ్యకుండ్రి" అంది అత్త. "కొత్త గింజ దంచేముందు దేవుని వంతు తియ్యకుంట ఉంటనా? అగో, పసుపు గుడ్డల ఉన్నయి." సారు పీట మీది మూటకేసి దూకబోయారు. "ఆగుండ్రి! దేవుని సొమ్ము ఊకె ముట్టొద్దు. భజనల కూసోని, హారతైనంక ప్రసాదం లెక్క తీసుకోండ్రి."

"నాకు భజన రాదమ్మా!"

"చేతులైతే ఉన్నయి గదా. తాళాలు కొట్టుండ్రి."

బిగుతు ప్యాంటుతో బాసింపట్టు వేసిన సారు కళ్లు మూటను వదల్లేదు. పాట రామప్ప గుడి దగ్గరుంటే ఆయన తాళం ములుగు దాటిపోయింది. "సారూ, జర మెల్లగ! దేవుడు యాడికి పోతలేడు" అని ఒక ముసలమ్మ తొడ గిల్లినంత పని చేసింది. చరణం ముగిసినప్పుడల్లా "అయిపోయినట్టేనా?" అని నన్ను గోకేవారు. చివరికి హారతయ్యాక దోసిలి పట్టి, మూటను కళ్లకద్దుకుని, జీపులో ఒళ్లో పెట్టుకు వెళ్లారు. నా కొలువు నిలిచింది.

ఆ కుంట లేదు, అత్తా లేదు. ఆ గుప్పెడు గింజల సంతానం మాత్రం విత్తనాల చల్లగదిలో భద్రంగా ఉంది. ఈ వయసులోనూ అక్కడికి వెళితే గడప ముందు చెప్పులు విప్పేస్తాను. కాళ్లు కొంకర్లు పోతాయి, కుర్ర ఉద్యోగులు ముసిముసిగా నవ్వుతారు, నా చెవుల్లో మాత్రం తప్పుడు తాళం మోగుతుంది. అన్నం ముందు కూర్చున్నప్పుడు మీరూ నాతో కలిసి ఒక్కసారి చేతులు జోడించండి: తండ్రీ, మా ఆకలి కంటే ముందే నీ గుప్పెడు తీసి దాచే చేతిని ప్రతి ఇంట్లో ఒకటి ఉంచు.